మిర్చి కల్లం మీద ఒక ఫోటో

మా ముత్తాత మాలీ పటేలు. ఆయన తమ్ముడు పోలీసు పటేలు. శిస్తు ఒకరి చేతిలో, లాఠీ ఒకరి చేతిలో ఉండేవి కాబట్టి వాగుకు ఇవతల ఏడు ఊళ్ళలో మా ఇంటి మాటకు ఎదురుండేది కాదు. మా తాత నాటికి ఏడు ఊళ్ళు మూడయ్యాయి. అయినా తహసీల్దారు క్యాంపుకు వస్తే మా ఇంట్లోనే దిగేవాడు, మా తాత కూర్చున్నాకే కూర్చునేవాడు. మా నాన్న ఆఖరి పటేలు. ఎనభైల్లో ఆ పదవులన్నీ ఒక్క సంతకంతో రద్దయినప్పుడు ఆయన రికార్డుల మూటలు ఎడ్లబండికెత్తి ఆఫీసుకు తీసుకెళ్ళి అప్పజెప్పాడు. గుమాస్తా లేచి నిలబడలేదు. కుర్చీ చూపించలేదు. నాన్న ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు. ఆ తర్వాత పోయేదాకా ఏ ఆఫీసు మెట్టూ ఎక్కలేదు. మా ఇంటికి ఆఫీసులు రావాలి తప్ప మేము ఆఫీసులకు పోము అన్నది ఆయన మాకు మిగిల్చిన నియమం.

ఆయన మిగిల్చిన రెండోది వాగవతలి పద్దెనిమిది ఎకరాలు. వాగు దాటితే ఏజెన్సీ. అక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు, పెట్టుకోవడానికి లేదు. అందుకని పట్టా ఒక కోయ పెద్దమనిషి పేరు మీద ఉండేది, సాగు మాది. ఆ వైపు అలా సాగు చేసే ఇల్లు మాదొక్కటే కాదు. దానికి బినామీ అని ఒక పేరుంది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ పలికేవారు కాదు. వాగవతలి భూమి అనేవాళ్ళం, అంతే.

ఆ పట్టాదారు కొడుకూ నేనూ హైస్కూల్లో ఒకే తరగతి. అతను హాస్టల్లో ఉండి చదివాడు, నేను బంధువుల ఇంట్లో ఉండి చదివాను. లెక్కల్లో నాకన్నా బాగా చదివేవాడు. తర్వాత టీచరు ట్రైనింగు చేసి ఏజెన్సీలోనే ఆశ్రమ పాఠశాలలో సారు అయ్యాడు. పొలం మీద, వాళ్ళ నాన్న ముందు, నన్ను దొరా అని పిలిచేవాడు. ఇద్దరమే ఉన్నా దొరా అనే అనేవాడు, కానీ నువ్వు అనేవాడు. ఆ తేడా మాకిద్దరికీ తెలుసు.

నేను చెప్పబోయేది రెండువేల తర్వాతి సంగతి. అప్పటికి ఊళ్ళో ఇల్లు కూలే దశకొచ్చి, పిల్లల చదువుల కోసం ఖమ్మం చేరి ఖానాపురం హవేలిలో ఒక మేడ మీద వాటాలో కిరాయికి ఉంటున్నాం. వారానికి మూడు రోజులు పొద్దున్నే బస్సెక్కి పొలానికి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేవాణ్ణి. ఆ రోజుల్లో హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న ఒక మిత్రుడు మా పదో తరగతి వాళ్ళందరినీ వెతికి పట్టుకుని ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు పెట్టాడు. ఖమ్మంలో ఎరువుల దుకాణం నడిపే ఇంకో మిత్రుడు నన్ను చెయ్యి పట్టుకుని నెట్ సెంటరుకు తీసుకెళ్ళి అందులో చేర్పించాడు. "అందరున్నరు దొరా, నువ్వే లేవు. దొర లేని క్లాసేంది?" అన్నాడు. వీళ్ళంతా నన్ను దొరా అనేది వేళాకోళానికే. నేను దాన్ని వేళాకోళంగా తీసుకోకపోవడం కూడా వాళ్ళకు ఒక వేళాకోళం.

మొదట్లో బాగానే ఉండేది. ఎవరో తరగతి ఫోటో పెట్టారు. ఎవరి బట్టతల ఎంతైంది, డ్రిల్లు మాస్టారు ఎవర్ని ఎన్నిసార్లు కొట్టాడు, ఇవే కబుర్లు. అందరం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ళం. చదవడానికి పట్టే సమయంలో సగం నవ్వడానికి పట్టేది. కొన్నాళ్ళకు సారు కూడా చేరాడు. చేరిన రోజే ఎరువుల దుకాణం మిత్రుడు రాశాడు: "వచ్చిండురా మన కోయదొర! మూలికలు తెచ్చినవా? చెయ్యి చూసి జాతకం చెప్పు." ఇరవై మంది నవ్వారు. సారు కూడా ఒక నవ్వు గుర్తు పెట్టాడు. స్కూల్లో కూడా అతనికి అదే పేరు. అప్పుడూ నవ్వేవాడు. పాతికేళ్ళ తర్వాత కూడా నవ్వాల్సి వచ్చిందే అని నాకు ఆ రోజు అనిపించిందని చెప్పుకోవాలని ఉంది. నిజానికి అనిపించలేదు. నేనూ నవ్వాను.

ఆ ఏళ్ళలోనే రాష్ట్రం సరిహద్దు అవతలి నుంచి మనుషులు రావడం మొదలైంది. అక్కడి అడవుల్లో ఇటు తుపాకులకూ అటు తుపాకులకూ మధ్య ఉండలేక, సంకలో పిల్లల్ని పెట్టుకుని, తలమీద సత్తు గిన్నెలతో నడిచొచ్చారు. మా వైపు వాళ్ళను గొత్తికోయలు అన్నారు. వాళ్ళు తమను తాము అలా పిలుచుకోరని సారు ఒకసారి చెప్పాడు. నేను మాత్రం అదే మాట వాడుతూ వచ్చాను. వాగు ఎగువన చెట్లు కొట్టి గుడిసెలు వేసుకున్నారు. మిరపకాయ కోతకు వచ్చేవారు. ఊళ్ళో కూలి కన్నా తక్కువకు వస్తారని అందరూ వాళ్ళనే పిలిచేవారు. ఎరువుల దుకాణం మిత్రుడి చేలో వాళ్ళే కోసేవారు. మా చేలోనూ వాళ్ళే.

గ్రూపులో రాతలు మాత్రం వేరు. అడవినంతా నరుకుతున్నారు, వాళ్ళంతా నక్సలైట్ల మనుషులే, అన్నం పెట్టినా ఇంటి గుట్టు దళానికి చెప్తారు, తరిమెయ్యాలి. ఇక్కడ మొదలై ఆర్నెల్లలో ఎక్కడికో పోయింది. హైదరాబాదు మిత్రుడు ఎక్కడెక్కడివో తెచ్చి పెట్టేవాడు, వాళ్ళ ముఖాల కొలతల గురించి, రంగు గురించి, నాగరికత గురించి. అడవి అతను చూసింది పిక్నిక్‌లలోనే. ఎన్‌కౌంటరు శవాల ఫోటో ఒకటి పెట్టి కింద శభాష్ అని రాశారు. ఆ శవాల్లో ఒక ఆడపిల్ల ఉంది. ఇంకోవైపు వరంగల్‌లో కాలేజీ లెక్చరరుగా ఉన్న ఒకడు వాళ్ళకు జవాబుగా, ఇన్ఫార్మర్లకు ప్రజాకోర్టులో పడే శిక్ష సబబే అని పేజీలు పేజీలు రాసేవాడు. అతని మొదటి తేదీ జీతం ఎన్నడూ తప్పలేదు. ఇద్దరికీ రక్తం కావాలి. ఎవరిదన్నదే తగాదా. ఆ తగాదా జరిగేది సారు కళ్ళముందు. అతను ఒక్క అక్షరం రాసేవాడు కాదు.

నేనూ రాయలేదు. అరుగు కింద నిలబడి అరిచేవాడికి అరుగు మీది నుంచి జవాబు చెప్పకూడదని నాన్న అనేవాడు. అదే నాకు నేను చెప్పుకున్నాను. నెట్ సెంటరు నుంచి బయటికొస్తే తల బరువుగా ఉండేది. చదవడం మానేద్దామని ప్రతిసారీ అనుకుని, మళ్ళీ మూడో రోజు వెళ్ళేవాణ్ణి. చిన్నప్పుడు ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళు మనుషుల గురించి ఇలా రాస్తుంటే చూడటం ఒక అలసట. చూసి ఊరుకోవడం దాన్ని మించిన అలసట. కానీ ఆ మాట అప్పుడు ఒప్పుకోలేదు.

ఇక ఫోటో సంగతి.

వేసవి చివర, విత్తనాలు వేయడానికి ముందు, కోయ ఊళ్ళలో భూమి పండుగ వస్తుంది. మగవాళ్ళు విల్లమ్ములు పట్టుకుని వేటకు పోతారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా తాడు పట్టుకుని, పాటలు పాడి, వచ్చిపోయే బండ్లను ఆపి పండుగ మామూలు అడుగుతారు. వేటకు పోయినవాళ్ళు ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ళు బురద చల్లి నానా మాటలూ అంటారు. మా తాత కాలం నుంచి ఒక వాడుక ఉంది. మొదటి వేట తొడ పటేలు ఇంటికి రావాలి. పటేలు బదులుగా గింజలివ్వాలి. పటేలు పదవి పోయినా ఆ వాడుక పోలేదు. ఇంటికి తెచ్చేది కల్లానికి తెచ్చేవారు. వాగవతలి భూమిలో మా మిర్చి కల్లం దగ్గర ఆ రోజు నేను తెల్ల పంచె కట్టుకుని కూర్చునేవాణ్ణి. ఏడాదిలో నన్ను ఎవరైనా పటేలుగా చూసే రోజు అదొక్కటే.

ఆ ఏడు పన్నెండు మంది వేటకు పోయి సాయంత్రానికి ఒక కుందేలుతో వచ్చారు. అప్పటికే అందరి వీపుల మీద బురద. సెలవులకు ఊరొచ్చిన సారు కూడా వాళ్ళలో ఉన్నాడు. కుందేలును చెవులు పట్టి ఎత్తి చూపించి అన్నాడు:

"దొరా, తొడ ఇయ్యాల్నా, మొత్తం ఇయ్యాల్నా? తొడ ఇస్తే నీ కంటికి కనపడది."

"వాడుక వాడుకే. తొడ ఇవ్వు," అన్నాను.

"అయితే గింజలు గూడ తొడంతనే ఇస్తవా ఏంది?" అని వెనక నుంచి వాళ్ళ నాన్న. ముసలాయన నవ్వితే పళ్ళు లేని నోరంతా కనిపించింది.

నాకు అప్పుడే కొత్తగా కెమెరా ఉన్న ఫోను వచ్చింది. ఫోటో దిగుదామన్నాను. వాళ్ళను వరసగా నిలబెట్టి మధ్యలో నేను నిలబడ్డాను. ఫోను కూలీకొచ్చిన ఒకావిడ చేతికిచ్చాను. నవ్వుతుంటే బాగుండదు, నవ్వొద్దన్నాను. విల్లులు పైకెత్తమన్నాను. సారు చేతిలో విల్లు లేదు. పక్కవాడి దగ్గర ఇంకోటి ఉంటే తీసుకుని అతని చేతికి నేనే ఇచ్చాను. "నేనెందుకు దొరా, సారుకు విల్లు బాగుంటదా?" అన్నాడు. "పట్టుకో, బాగుంటది," అన్నాను. వాళ్ళ వెనక కల్లంలో మిర్చి రాశులు, వాన భయానికి వాటి మీద కప్పిన నీలం పరదాలు, అటు పక్క అడవి.

ఆ ఫోటో గ్రూపులో పెట్టింది నేనే. మా కల్లంలో భూమి పండుగ, ఈ వాడుక మా ముత్తాతల నాటిది అని కింద రాశాను. పాతికేళ్ళు నన్ను దొరా అని ఎగతాళి చేసినవాళ్ళకు, దొరతనమంటే ఇదీ అని చూపించాలనిపించింది. వేరే కారణమేమీ లేదు.

నెల తిరిగేసరికి అదే ఫోటో ఇంకో గ్రూపు నుంచి తిరిగి మా గ్రూపుకే వచ్చింది. ఈసారి అందులో నేను లేను. మధ్యలో ముక్క తీసేసి రెండు వైపులా కలిపారు. పన్నెండు మంది బురద ఒంటితో, నవ్వు లేని ముఖాలతో, విల్లులెత్తి నిలబడి ఉన్నారు. వెనక నీలం గుడారాలు. కింద ఇలా ఉంది: సరిహద్దు దాటి వచ్చిన దళం, మన అడవిలో శిబిరం. వీళ్ళలో ఒకడు సర్కారు జీతం తినే టీచరు. సారు ముఖం చుట్టూ ఎర్రగీత.

దాని కింద రాతలు ఇక్కడ రాయను. రాసినవాళ్ళలో నా పెళ్ళికి వచ్చినవాళ్ళున్నారు.

వారం రోజుల తర్వాత సారు ఖమ్మంలో మా ఇంటికి వచ్చాడు. అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. కుర్చీ వేస్తే అంచున కూర్చున్నాడు. మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. పై ఆఫీసు నుంచి మెమో. ఆయుధాలతో సమావేశంలో పాల్గొన్నందుకు ఎందుకు చర్య తీసుకోరాదో పదిహేను రోజుల్లో చెప్పాలి. చెప్పలేకపోతే సస్పెన్షను. అంతకు ముందే స్టేషనుకు రెండుసార్లు పిలిపించారు.

"ఏమడిగారు?" అన్నాను.

"పండుగైతే టెంట్లెందుకు ఏసిండ్రు అన్నరు. టెంట్లు గాదు సార్, మిరపకాయల మీద పరదా అన్న. నవ్విండ్రు. ఒకాయన చెంప మీద కొట్టిండు, గట్టిగ గాదులే. ఫోటో ఎవరు తీసిండ్రు, కల్లం ఎవరిది, గదే మల్ల మల్ల."

"నా పేరు చెప్పావా?"

"లే."

"ఎందుకు?"

అతను గ్లాసులో నీళ్ళన్నీ తాగి గ్లాసు కింద పెట్టాడు. "నీ పేరు చెప్తె కల్లం మాట వస్తది. కల్లం మాట వస్తే పట్టా మాట వస్తది. మా నాయన మీ నాయనకు మాటిచ్చిండు. మాట మా ఇంట్ల గూడ ఉంటది దొరా, మీ ఇంట్లనే గాదు." మెమో మడిచి జేబులో పెట్టుకుంటూ, "నిన్ను అడగనీకె రాలే. నువ్వు ఆ గ్రూపుల చూసే ఉంటవ్. నా నోటితోని గూడ తెల్వాలని వచ్చిన," అన్నాడు.

బస్సుకు టైమైందని లేచాడు. అన్నం తిని పొమ్మని మా ఆవిడ అంటే, బిడ్డ నర్సింగు హాస్టల్లో ఉంది, దాన్ని చూసి పోవాలన్నాడు. మెట్లు దిగుతుంటే వెనకనుంచి చూశాను. నాకన్నా నిటారుగా నడుస్తున్నాడు.

మా ఆవిడ గ్లాసు తీస్తూ ఒకే మాట అడిగింది. "ఆయన మీ పేరు చెప్పనందుకు మీకు బాధగా ఉందా, నిమ్మళంగా ఉందా?"

నిమ్మళంగానే ఉంది. దాన్ని బాధ అనుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ ఫోటోలో ఉన్నది టీచరని గుర్తుపట్టగలిగింది మా గ్రూపు వాళ్ళే. మూడో రోజు ఎరువుల దుకాణానికి వెళ్ళాను. గిరాకీ లేదు. మిత్రుడు గల్లా ముందు కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"రా దొరా, కూసో. చాయ్ చెప్పాల్నా?"

"వద్దు. ఆ ఎర్రగీత ఎవరు గీశారు?"

"ఏ గీత?" అన్నాడు. నా ముఖం చూసి నవ్వాడు. "నేనే గీసిన. మా అల్లుడు ఫోటో కట్ చేసిండు, నేను గీసిన. జోకురా అది. ఫ్రెండ్స్ నడుమ జోకు గూడ చెయ్యొద్దా?"

"అతనికి మెమో వచ్చింది. స్టేషన్లో కొట్టారు."

పేపరు మడిచాడు. ఒక్క క్షణం అతని ముఖంలో మా పదో తరగతి కుర్రవాడు కనిపించాడు. మళ్ళీ పోయాడు. "గంత దూరం పోతదని నాకేం తెలుసు? మనోళ్ళకే పంపిన. ఆళ్ళు ఇంకెవరికో పంపిండ్రు."

"అయితే ఇప్పుడు రాయి. ఇది తప్పు, ఈయన మా క్లాస్‌మేట్, ఇది పండుగ అని రాయి."

"రాస్తె నన్ను ఎడ్డోని కింద జమ కడ్తరు. అయినా ఒక మాట చెప్పనా? ఏ మాటకామాట. ఆళ్ళంత గంతేరా. ఇయ్యాల విల్లు పడ్తరు, రేపు తుపాకి పడ్తరు. నువ్వు మంచోనివి, నీకు తెల్వది."

"నీ చేలో మిరపకాయలు ఎవరు కోస్తున్నారు?"

"కోస్తె? కూలిస్తున్న గద." అని ముందుకు వంగి గొంతు తగ్గించాడు. కోపం లేదు అందులో. నా మేలుకోరే మాటలాగే ఉంది. "దొరా, నువ్వు పోయి ఫోటో నాది అన్నవనుకో, టెంట్లు గాదు మిర్చి అనాలె. మిర్చి అంటే కల్లం నాది అనాలె. కల్లం నాది అంటే పట్టా తియ్యమంటరు. తీస్తవా? సప్పుడు చెయ్యకు. ఆడు గవర్నమెంటోడు, ఆని ఎనక సంఘాలుంటయ్, ఎట్లనో బయట పడ్తడు. నీ ఎనక ఎవరున్నరు?"

నాకు చెప్పుకోవడానికి ముత్తాత, తాత, నాన్న ఉన్నారు. వాళ్ళు ఆ దుకాణంలో పనికొచ్చేవాళ్ళు కాదు. బయటికొచ్చి చాలాసేపు బస్టాండులో కూర్చున్నాను. అతను చెప్పిన ప్రతి మాటా నిజమే కావడం నన్ను ఎక్కువ అలసిపోయేలా చేసింది. ఆ ఫోటోకు ఆఫీసులో మాట చెల్లే సాక్షి ఒక్కడే ఉన్నాడు. ఆ సాక్షిని ఫోటోలోంచి కోసేశారు. ఇప్పుడు నోరు మూసుకుంటే నన్ను నేను రెండోసారి కోసేసుకున్నట్టు.

గడువు మూడు రోజులుందనగా సారుకు చెప్పకుండా మెమో ఇచ్చిన ఆఫీసుకు వెళ్ళాను. మా నాన్న తర్వాత మా ఇంట్లోంచి ఒక ఆఫీసు మెట్లెక్కినది నేనే. గుమాస్తా తలెత్తకుండా, "ఏం పని పెద్దాయనా?" అన్నాడు. నాకప్పటికి నలభై రెండు. బల్ల మీద కూర్చోమన్నాడు. రెండున్నర గంటలు కూర్చున్నాను. గోడకు వీపు ఆనించలేదు.

అధికారి చిన్నవాడు, ఎక్కడో దూరపు జిల్లా మనిషి. ఫోనులో అసలు ఫోటో తీసి చూపించాను. తన దగ్గరున్న ప్రింటు పక్కన పెట్టి చూశాడు.

"మధ్యలో మీరేనా?"

"నేనే. నవ్వొద్దన్నదీ నేనే. ఆయన చేతికి విల్లిచ్చిందీ నేనే."

"మీరెందుకున్నారక్కడ?"

తొడ వాడుక సంగతి చెప్పాను. కుందేలు అనగానే అతనికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. వేట కూడా నేరమే తెలుసా అన్నాడు. తెలుసన్నాను. తర్వాత ప్రింటులో నీలం మీద పెన్ను పెట్టాడు.

"ఇవి?"

"మిర్చి రాశులు. పైన పరదాలు. అది కల్లం, శిబిరం కాదు."

"కల్లం ఎవరిది?"

నేను ఊహించుకున్నప్పుడు ఇక్కడ నా గొంతు గట్టిగా ఉండేది. ఇప్పుడు లేదు. "సాగు మాది. పట్టా ఈ సారు వాళ్ళ నాన్నది," అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మా నాన్న రోజుల నుంచి."

అతను పెన్ను కింద పెట్టాడు. "కల్లం ఎవరిదో తేల్చకపోతే ఈ గుడారాల సంగతి తేలదు. తేల్చి రాసిస్తే మాత్రం ఆ కాగితం నా దగ్గర ఆగదు. రెవెన్యూకు పోతుంది. మీకు తెలుసుగా?"

"తెలుసు. కాగితం ఇప్పించండి."

సర్వే నంబరుతో సహా నా చేత్తో రాసి సంతకం పెట్టాను. బినామీ అనే మాట నేను కాగితం మీద రాయడం అదే మొదలు. బయటికి వచ్చేటప్పుడు గుమాస్తా లేచి నిలబడ్డాడేమోనని చూశాను. అతను అన్నానికి వెళ్ళాడు.

సారు మీద చర్య లేకుండా మెమో మూసేశారు. ఆ కబురు అతనే ఫోను చేసి చెప్పాడు. "నువ్వు పోయినవంట," అన్నాడు. అవునన్నాను. "మా నాయన తిడుతుండు," అన్నాడు. "ఎవర్ని?" అన్నాను. "ఇద్దర్ని. ఆ పోరంబోకు ఫోను కొనకపోతే ఏమాయె అంటుండు."

గ్రూపులో కూడా రాశాను, ఒక్కసారే, అసలు ఫోటో పెట్టి. తప్పైందని ఒక్కరూ అనలేదు. ఎరువుల దుకాణం మిత్రుడు అసలు జవాబే రాయలేదు. హైదరాబాదు మిత్రుడు, ఈ ఒక్క ఫోటో తప్పు కావొచ్చు, విషయం తప్పు కాదు అన్నాడు. నా భూమి సంగతి ఎలా తెలిసిందో ఒకరు, బినామీ దొర గారికి జై అని రాశారు. వరంగల్ లెక్చరరు, భూస్వామ్య వర్గపు పశ్చాత్తాపం విప్లవానికి అక్కరలేదని పేజీన్నర రాశాడు. సారు గ్రూపులోంచి ఎప్పుడో వెళ్ళిపోయాడు, ఎవరూ గమనించలేదు. నేనూ వచ్చేశాను. కోసిన ఫోటో మాత్రం ఆగలేదు. ఏడాది తర్వాత నెట్ సెంటరులో పక్క కుర్చీలో ఒకతను అదే చూస్తూ కనిపించాడు. కింద వేరే జిల్లా పేరుంది. అతన్ని పిలిచి చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాను. ఎంతమందికని?

రెవెన్యూ వాళ్ళు చలికాలంలో విచారణకు వచ్చారు. నేను వకీలును పెట్టలేదు. పట్టాదారు అయిన ముసలాయన, సాగు ఎవరు చేస్తున్నారని అడిగితే, అడవి వైపు చూస్తూ, "దొర చేస్తుండు, నేను చేయిస్తున్న," అన్నాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. భూమి ఆయన స్వాధీనంలోకి పోయింది. చట్టం ప్రకారం అంతే.

సారు నన్ను పక్కకు తీసుకెళ్ళి, ఈ ఏడు పంట నువ్వే చేసుకో, ఎవరడుగుతరు అన్నాడు.

"వద్దు," అన్నాను. "మళ్ళీ నీ నోటితో అబద్ధం చెప్పించలేను."

"గిదేం పట్టుదల దొరా?"

"ఇంకా దొరా అంటావేంటి?"

"మల్ల ఏమనాలె? స్కూల్ల ఏమని పిలిచేటోన్నో మర్చిపోయిన," అన్నాడు. నిజంగానే ఆలోచించాడు కూడా. గుర్తు రాలేదు.

తర్వాత నేను ఖమ్మంలో ఒక మిర్చి కమీషను దుకాణంలో లెక్కలు రాసే పనికి కుదిరాను. ఆ పనికి నిటారు వీపు అవసరం లేదు కానీ అలవాటు పోలేదు. పాత మిత్రులు మార్కెట్లో కనిపిస్తారు. పలకరిస్తే పలుకుతాను. ఎరువుల దుకాణం ముందు నుంచి వెళ్ళేటప్పుడు అతను పేపరు చదువుతుంటాడు. ఎవరు ఎవర్ని క్షమించాలో ఇద్దరికీ తెలియనట్టు నటిస్తాం. ఈ మధ్య అలాంటి రాతలు ఫోన్లలో ఇంకా ఎక్కువయ్యాయని పిల్లలు చెప్తారు. నేను చూడను. చూడకపోవడం గొప్ప అనుకోను, అలసిపోయాను.

భూమి అప్పజెప్పిన ఏడు వేసవిలో ట్రాక్టరూ, ట్రక్కూ, రెండు ఆయిల్ ఇంజన్లూ, మందు కొట్టే పంపులూ, ఫోటోలో గుడారాలైన పాతిక నీలం పరదాలూ వేంసూరు వైపు రైతు ఒకాయనకు అమ్మేశాం.